నాబోతు కేసులో సాక్షులు సరిగ్గా ఇద్దరు

నాబోతు కథ మన చర్చీల్లో ఎప్పుడూ అహాబు దురాశ మీద ప్రసంగంగానే ముగుస్తుంది. రాజు పక్కవాడి ద్రాక్షతోట మీద కన్నేశాడు, వాడు పిత్రార్జితం ఇవ్వనన్నాడు, రాణి వాణ్ణి చంపించి తోట ఇప్పించింది, ఏలీయా వచ్చి తీర్పు చెప్పాడు. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వేశాక మధ్యలో ఎకరం వరిచేను లీజుకివ్వకుండా మిగుల్చుకున్న రైతుకి ఈ కథ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. అల్లవరం నుంచి మొగల్తూరు దాకా వినగానే తలాడిస్తారు.

ఈసారి 1 రాజులు 21వ అధ్యాయాన్ని కేసు కట్టలా విప్పి చూడండి. యెజెబెలు రౌడీలను పంపి రాత్రిపూట నాబోతును నరికించలేదు. రాజు పేరున తాకీదులు రాయించి, రాజముద్ర వేసి, ఊరి పెద్దలకు పంపింది. పెద్దలు ఉపవాసదినం చాటించారు. నాబోతును జనం ఎదుట కూర్చోబెట్టారు. దేవుణ్ణీ రాజునూ దూషించాడని అభియోగం. నిర్గమకాండము 22:28 ప్రకారం అది నేరమే. సాక్షులు ఇద్దరు. ద్వితీయోపదేశకాండము 17:6 అడిగిందీ ఇద్దరినో ముగ్గురినో. శిక్ష ఊరి వెలుపల రాళ్ళతో కొట్టడం. లేవీయకాండము 24లో రాసి ఉన్నదే. రికార్డులో వేలు పెట్టి చూపించడానికి ఒక్క లోపం లేదు. పైన అప్పీలు కోర్టు ఉండి ఉంటే, క్రమం తప్పలేదని రెండు పేజీలు రాసి కొట్టేసేది.

నిర్దోషికి శిక్ష పడేది చట్టాన్ని తుంగలో తొక్కినప్పుడే అనుకుంటాం. చట్టం కాగితం మీద నిండుగా కనబడే చోట కూడా పడుతుంది, అక్కడ పట్టుకోవడం ఇంకా కష్టం. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయం 15వ వచనంలో సాక్షుల లెక్క చెప్పి, 18వ వచనంలో న్యాయాధిపతులు బాగా విచారించాలంటుంది. యెజ్రెయేలు పెద్దలు 15 దగ్గర ఆగిపోయారు. నాబోతు ఆ మాట ఎప్పుడన్నాడు, ఎక్కడన్నాడు, అప్పుడు నువ్వక్కడ ఎందుకున్నావు, వీడు చస్తే ఈ తోట ఎవరి పాలవుతుంది అని అడిగినవాడు లేడు. ఆ ప్రశ్నలు పడాల్సింది మొదటి రోజున. మన దగ్గరయితే స్టేషన్లో, రిమాండు వేళ మేజిస్ట్రేటు ముందు. మన సంఘాలు ఉపవాస ప్రార్థన పెట్టేది మాత్రం తీర్పు రోజున. నా గొడవంతా ఈ తేదీల గురించే.

వందమంది దోషులు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదనే మాట సినిమా కోర్టుల పుణ్యమా అని అందరికీ కంఠతా వచ్చు. 18వ శతాబ్దపు ఇంగ్లిషు న్యాయవేత్త బ్లాక్‌స్టోన్ చెప్పింది పదిమంది. అంతకు ఆరు వందల ఏళ్ళ ముందే యూదు పండితుడు మైమోనిడెస్, నిర్గమకాండము 23:7కి వివరణ రాస్తూ వెయ్యిమంది అన్నాడు. సొదొమ దగ్గర అబ్రాహాము యాభైతో మొదలుపెట్టి పది దాకా బేరమాడింది కూడా ఈ బాధతోనే. దుష్టులతోపాటు నీతిమంతుణ్ణి కలిపి నాశనం చేయడమేమిటని ఆయన దేవుణ్ణే నిలదీశాడు. సూత్రం అందరికీ ఒప్పుదలే. ఊళ్ళో ఎవడినైనా జీపెక్కిస్తే మాత్రం మన నోట వచ్చేది ఇంకో సూత్రం: నిప్పు లేందే పొగ రాదు. చెడు చేయడానికి గుంపు వెనక పోవద్దని నిర్గమకాండము 23:2 అన్నది ఈ సామెతకి సరిగ్గా ఎదురు.

సాక్షుల లెక్క సంగతి ముందు తేల్చుకుందాం. ధర్మశాస్త్రంలో ఒక్కడి మాట మీద ఎవరినీ చంపకూడదు (సంఖ్యాకాండము 35:30 కూడా అదే చెబుతుంది). మన సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్సు చట్టం స్థానంలో వచ్చింది) 139వ సెక్షనులో ఆ లెక్క లేదు. ఏ విషయం రుజువు కావడానికైనా ఇంతమంది సాక్షులుండాలన్న నియమం లేదని స్పష్టంగా రాశారు. 1957లో వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు సాక్షులను మూడు రకాలు చేసింది: పూర్తిగా నమ్మదగినవాడు, బొత్తిగా నమ్మకూడనివాడు, ఈ రెంటికీ మధ్యవాడు. మొదటివాడు ఒక్కడైనా చాలు. రెండోవాళ్ళు పదిమందున్నా దండగ. మూడోవాడికి వేరే ఊతం కావాలి. బైబిలుకి విరుద్ధంగా ఉందని కొందరు విశ్వాసులు నొచ్చుకుంటారు గాని, నాబోతు దగ్గర తేలిపోయింది రెండోరకం సాక్షుల సంగతే.

గుంపు కేసుల్లో మాత్రం మన కోర్టులు పాత లెక్కకే తిరిగి వెళ్ళాయి. 1964లో మసల్తీ కేసు. పెద్ద గుంపు ఊరి మీద పడి హత్యలు చేసింది. ఎవడు ఉన్నాడు, ఎవడు లేడు అనేదే తగాదా. కనీసం నలుగురు సాక్షులు నిలకడగా పేరు చెప్పినవాడికే హైకోర్టు శిక్ష ఉంచింది. అలాంటి కేసుల్లో ఇద్దరో ముగ్గురో అంతకు మించో ఒకే తీరుగా చెప్పాలన్న కొలత పనికొచ్చేదేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మోషే మాట అక్షరాలా. ఊళ్ళో కొట్లాట జరిగి, ఎఫ్.ఐ.ఆర్.లో ఆరు పేర్లు రాసి ‘మరి కొంతమంది’ అని ముగించినప్పుడు ఈ కొలత గుర్తుంచుకోవాలి. ఆ ‘మరి కొంతమంది’ అనే సందులోంచే పదిహేను రోజుల తరవాత పాత కక్షలున్నవాళ్ళ పేర్లు లోపలికి వస్తాయి. అలా వచ్చిన ప్రతి పేరుకీ మూడు సంగతులు చూడాలి: మొట్టమొదట ఆ పేరు చెప్పిన సాక్షి ఎవరు, ఏ తేదీన చెప్పాడు, ఆ వాంగ్మూలం కోర్టుకి ఏ తేదీన చేరింది. ఆ చివరి తేదీని ఎవరూ దిద్దలేరు, కోర్టు ముద్ర ఉంటుంది కాబట్టి.

సాక్షుల్ని ఎలా విచారించాలో చూపించే కథ ఒకటి ఉంది, కాని మన డెల్టాలో సగంమందికి అది తెలీదు. దానియేలు గ్రంథం కతోలికుల బైబిల్లో 14వ అధ్యాయం దాకా వెళుతుంది. లూథరన్, బాప్టిస్టు, బ్రదరన్ ఇళ్ళలో ఉండే తెలుగు బైబిలు 12తో ఆగిపోతుంది. కతోలికుల బైబిల్లోని 13వ అధ్యాయంలో సూసన్న అనే ఇల్లాలి మీద ఇద్దరు పెద్దలు వ్యభిచార నేరం మోపుతారు. ఇద్దరూ న్యాయాధిపతులే. జనం నమ్మేశారు, చంపడానికి తీసుకుపోతున్నారు. కుర్రవాడు దానియేలు ఆపి, ఇద్దర్నీ విడదీసి, ఒక్కొక్కణ్ణే అడుగుతాడు: ఏ చెట్టు కింద చూశావు? ఒకడు ఒక చెట్టు పేరు చెప్పాడు, రెండోవాడు ఇంకో చెట్టు. కేసు అక్కడే పడిపోయింది.

ఇవాళ అమలాపురం కోర్టులోనైనా, నరసాపురం కోర్టులోనైనా ఒక సాక్షి బోనెక్కితే మిగతావాళ్ళను బయట వరండాలో ఉంచేది ఇందుకే. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మసూత్రాల సంకలనం మిష్నాలో ప్రాణం పోయే కేసుల్లో సాక్షికి ఏడు ప్రశ్నలు తప్పనిసరి. ఏడేళ్ళ ఆవృత్తుల్లో ఏది, అందులో ఏ సంవత్సరం, ఏ నెల, ఏ తేదీ, వారంలో ఏ రోజు, ఎన్నో గంట, ఏ చోటు. విడుదల చేసే తీర్పు ఆ రోజే చెప్పొచ్చు. శిక్ష వేసే తీర్పు మర్నాటికి ఆగాలి. ఒక్క ఓటు ఎక్కువైతే విడుదల, శిక్షకి రెండు ఎక్కువ కావాలి. తొందరకి అడ్డుకట్ట అన్నమాట.

మన దగ్గర ఈ చెట్టు ప్రశ్న ఎక్కడ చచ్చిపోతుందంటే, పోలీసులు సాక్షుల మాటలు రాసుకునే చోట. సురక్షా సంహిత (పాత సి.ఆర్.పి.సి. స్థానంలో వచ్చింది) 180వ సెక్షను కింద, అంటే పాత 161 కింద. సాక్షి ‘దీపాలు పెట్టాక కాసేపటికి’ అంటాడు. రైటరు ‘సుమారు 19.30 గంటలకు’ అని రాస్తాడు. రెండో సాక్షి ‘అన్నాలు తిని అరుగు మీద కూర్చున్నాం’ అంటాడు. అదీ ‘సుమారు 19.30 గంటలకు’. నలుగురివీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే వాక్యాలు, ఒకే కామాలు, ఒకే అచ్చు తప్పు. మనుషులు అలా మాట్లాడరు. నలుగురూ ఒకే చెట్టు పేరు చెప్పడం సాక్షుల గొప్ప కాదు, ఒకడే రాశాడనడానికి గుర్తు. ఆ వాంగ్మూలం మీద సాక్షి సంతకం పెట్టనక్కర్లేదు. పెట్టించకూడదనే 181వ సెక్షను చెబుతోంది. విచారణలో సాక్షి మాట మార్చాడని చూపించడానికే అది పనికొస్తుంది తప్ప స్వయంగా సాక్ష్యం కాదు. ఖాళీ తెల్లకాగితం మీద సంతకం ఎవరడిగినా, ఎంత మర్యాదగా అడిగినా, పెట్టవద్దు.

ఇప్పుడు ఒక మామూలు కేసు ఊహించుకుందాం, హత్యలూ అల్లర్లూ లేకుండా. సముద్రం వైపు రొయ్యల చెరువు. రాత్రి, నీటికి గాలి పట్టించే రెండు హెచ్.పి. ఏరియేటరు మోటారు పోయింది. యజమానికి కాపలావాడి మీద అనుమానం. పొద్దున్న ఎనిమిదింటికి కాపలావాణ్ణి బండెక్కించుకుని తీసుకుపోయారు. మర్నాడు సాయంత్రం ఐదింటికి, కాలవగట్టు మీద అనుమానాస్పదంగా తిరుగుతుండగా పట్టుకున్నామని అరెస్టు మెమో తయారైంది. ఆ పైన మధ్యవర్తుల నివేదిక. వి.ఆర్.ఓ.తోపాటు ఇంకొకరు మధ్యవర్తులు, అంటే జప్తుకి సాక్షులు. వాళ్ళ ఎదుట ముద్దాయి ‘నేరం ఒప్పుకుని, రండి చూపిస్తానని ముందు నడవగా’, ఒక కొబ్బరితోటలో ఎండు ఆకుల కింద ‘బూడిద రంగు మోటారు ఒకటి’ దొరికింది.

ఇందులో ఎక్కడెక్కడ చేయి పెట్టవచ్చో చూద్దాం.

చెరువు గట్టు మీద దొంగతనానికి న్యాయ సంహిత (పాత ఐ.పి.సి. స్థానంలో వచ్చింది) 303(2) కింద గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో చేయి పట్టుకుని లాక్కుపోవడం మామూలు పద్ధతి కాకూడదని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ముందు సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇవ్వాలి. అందరూ ఇప్పటికీ 41-ఎ నోటీసు అనే పిలుస్తారు. నోటీసుకి హాజరవుతున్నంత కాలం అరెస్టు చేయాలంటే కారణాలు రాయాలి. కాబట్టి నోటీసు అందుకున్నవాడు చేయాల్సిన మొదటి పని తప్పకుండా వెళ్ళడం, వెళ్ళినట్టు ఆధారం ఉంచుకోవడం. భయపడి యానాంలో అత్తారింటికి పోతే, పరారీలో ఉన్నాడని రాయడానికి మనమే కలం అందించినట్టు.

అరెస్టే జరిగితే, మెమో మీద తేదీ, సమయం, ఇంట్లో ఒకరిదో ఊళ్ళో పెద్దమనిషిదో సాక్షి సంతకం ఉండాలి. 1996 డిసెంబరులో డి.కె. బసు తీర్పు పెట్టిన ఈ నియమాలు ఇప్పుడు సురక్షా సంహిత 36, 48 సెక్షన్లలో ఉన్నాయి. ఇంట్లోవాళ్ళకు కబురు చెప్పాలి, వైద్య పరీక్ష చేయించాలి. ఎందుకు అరెస్టు చేశారో అతనికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మళ్ళీ గట్టిగా చెప్పింది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణ. ప్రయాణం సమయం మాత్రమే మినహాయింపు. ఆ 24 గంటలు లెక్కపెట్టాల్సింది బండెక్కించుకుపోయిన ఎనిమిదింటి నుంచి. మెమోలో రాసిన ఐదింటి నుంచి కాదు. మధ్యలో మాయమైన ముప్పై మూడు గంటలే కేసుకి ప్రాణం. దెబ్బలన్నీ అందులోనే పడతాయి, కథ అంతా అందులోనే తయారవుతుంది.

ఆ గంటల్ని నిలబెట్టేది ఇంట్లోవాళ్ళు. ఎనిమిదింటికి తీసుకుపోతే ఎనిమిదింపావుకి ఎస్.పి. ఆఫీసుకి ఈమెయిలో, వాట్సాప్ సందేశమో, 112కి ఫోనో వెళ్ళాలి. పేరు, ఎక్కణ్ణుంచి, ఎవరు, ఎన్నింటికి. ఆవేశం వద్దు, నాలుగు ముక్కలు చాలు. దానికి పడే సమయం ముద్ర తరవాత ఎవరూ తుడవలేరు. దారిలో కిళ్ళీకొట్టుకో మెడికల్ షాపుకో కెమెరా ఉంటే ఆ వారంలోనే అడిగి దాపెట్టించాలి. చాలా కొట్లలో పదిహేను రోజులకే పాతది చెరిగిపోతుంది. స్టేషన్లలో సీసీ కెమెరాలుండాలని, రికార్డింగు 18 నెలలు నిల్వ ఉంచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు. ఫుటేజీ భద్రపరచమని కోర్టులో పిటిషను మొదటి వాయిదాకే పడాలి. ట్రయల్ వచ్చాక అడిగితే ‘హార్డ్‌డిస్క్ పాడైంది’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. రిమాండుకి పెట్టినప్పుడు కొట్టారా అని మేజిస్ట్రేటు అడిగితే నిజం అక్కడే చెప్పాలి. పక్కన నిలబడ్డ కానిస్టేబులు చూపులకి జంకి ‘లేదండి’ అంటే, ఆ ఒక్క మాట ఆఖరి దాకా వెంటాడుతుంది. జీతం ఎంతున్నా, కులం ఏదైనా, కస్టడీలో ఉన్నవాడికి ఉచిత లాయరు హక్కు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షను. ఫోను 15100.

ఇక మోటారు. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం చెల్లదని సాక్ష్య అధినియం 23వ సెక్షను. కాని అతను చెప్పిన దాన్ని బట్టి ఒక వస్తువు బయటపడితే, ఆ బయటపడడానికి సంబంధించినంత ముక్క చెల్లుతుంది. ఇది పాత 27వ సెక్షను. దీని హద్దు ఎంతో గీసిన తీర్పు మన తెలుగు జిల్లా నుంచి బ్రిటిషు కాలపు ఆఖరి అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిలుకి వెళ్ళిన పులుకూరి కోటయ్య కేసు. ఇంటి కప్పులో దాచిన కత్తి తీసిస్తానని ఒకడు చెబితే, కనుక్కున్నది కత్తిని కాదన్నారు. కత్తిని లోకం ఎప్పుడో కనుక్కుంది. కత్తి అక్కడుందన్న సంగతి వాడికి తెలుసన్నదే కనుక్కున్న విషయం. ‘దాంతోనే పొడిచాను’ అన్న ముక్క చెల్లదు. కాబట్టి మన కాపలావాడి కేసులో అడగాల్సినవి ఇవి. కొబ్బరితోట ఎవరిది, కంచె ఉందా, అందరూ నడిచే దారా? అందరూ తిరిగే చోట దొరికితే అది అతనికే తెలిసిన సంగతి కాదు. ఏ మోటారు? మొదటి ఫిర్యాదులో నేమ్‌ప్లేటు నంబరు రాశారా, కొన్న బిల్లు ఉందా? ‘బూడిద రంగు మోటారు’లు డెల్టాలో చెరువుకి పదేసి. మధ్యవర్తులు స్టేషన్లో సంతకం పెట్టారా, తోటలోనా? సోదా, జప్తు మొత్తం వీడియో తీయాలని సురక్షా సంహిత 105వ సెక్షను 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. వీడియో ఉంటే, అందులో ముందు నడిచినవాడు ముద్దాయా, కానిస్టేబులా చూస్తే చాలు.

ఇరికించిన జప్తు ఎంత నమ్మకంగా ఉంటుందో ఆదికాండము 44లోనే చూడొచ్చు. యోసేపు గృహనిర్వాహకుడే వెండిగిన్నె బెన్యామీను గోనెలో పెట్టి, తరవాత వెంటాడి ఆపి, పెద్దవాడి గోనె నుంచి వరసగా వెతికి, ఆఖరున చిన్నవాడి దాంట్లో ‘కనుక్కున్నాడు’. అన్నలు బట్టలు చింపుకున్నారు. గిన్నె దొరికింది నిజం, సోదా అందరి కళ్ళెదుటా జరిగింది నిజం, బెన్యామీను దొంగ అన్నది అబద్ధం. గిన్నె అక్కడికి ఎలా వచ్చిందన్న ప్రశ్న అన్నల్లో ఒక్కడికీ తోచలేదు. యోసేపు సొంత కేసులో పోతీఫరు భార్య చేతిలో మిగిలిన వస్త్రం కూడా అంతే, నిజమైన వస్తువుతో అల్లిన అబద్ధం.

ఒప్పుకోలు విషయంలో ఆకాను కేసు చూడండి, యెహోషువ 7. ఆకాను పూర్తిగా ఒప్పుకున్నాడు. ఎంత వెండి, ఎంత బంగారం, ఎక్కడ పాతాడో కూడా చెప్పాడు. అయినా యెహోషువ మనుషులను పరిగెత్తించి డేరాలో తవ్వించి చూశాడు. అదే అధ్యాయంలో కుటుంబం గతి మింగుడుపడదు. దాని పక్కన ద్వితీయోపదేశకాండము 24:16 పెట్టుకోవాలి. కొడుకు నేరానికి తండ్రిని, తండ్రి నేరానికి కొడుకును చంపకూడదు. తమ్ముడు దొరక్కపోతే అన్నను తెచ్చి స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టడానికి ఏ సెక్షనూ లేదు. అలా కూర్చోబెట్టినప్పుడు హైకోర్టులో హెబియస్ కార్పస్ (పట్టుకెళ్ళిన మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషను) వేస్తారని తెలిస్తేనే చాలాసార్లు సాయంత్రానికి వదిలేస్తారు.

రిమాండు గురించి చదవాలంటే అపొస్తలుల కార్యములు 22 నుంచి 26 దాకా చదవాలి. కొరడాలతో కట్టేస్తుండగా పౌలు శతాధిపతిని అడిగింది ప్రార్థన మాట కాదు, చట్టం మాట: విచారించకుండా రోమీయుణ్ణి కొట్టే అధికారం మీకుందా? లోకంలో కస్టడీ హింసను ఒక్క ప్రశ్నతో ఆపిన సందర్భాలు తక్కువ. నేరం మోపినవాళ్ళు ముఖాముఖి వచ్చి, ఇతను జవాబు చెప్పుకునే దాకా ఎవరినీ అప్పగించడం రోమీయుల పద్ధతి కాదని 25:16లో రోమా అధిపతి ఫేస్తు అంటాడు. నేరమేమిటో రాయకుండా ఖైదీని పైకి పంపడం అర్థం లేని పని అని 25:27లో అతనే తల పట్టుకుంటాడు. కాని అతనికి ముందు అధిపతిగా ఉన్న ఫేలిక్సు ఏం చేశాడు? నేరం కనబడలేదు, వదల్లేదు. పౌలు డబ్బిస్తాడేమోనని చూస్తూ, యూదుల మెప్పు కోసం రెండేళ్ళు లోపలే ఉంచి బదిలీ మీద వెళ్ళిపోయాడు. మన జైళ్ళలో ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలే. ఫేలిక్సుకి డబ్బాశ. ఇక్కడ చాలాసార్లు ఆపాటి కారణం కూడా ఉండదు, కట్ట ఎవరూ విప్పకపోవడమే.

కాబట్టి రోజులు లెక్కపెట్టుకోవాలి. చార్జిషీటు 60 రోజుల్లో, మరీ పెద్ద నేరాలకు 90 రోజుల్లో పడకపోతే సురక్షా సంహిత 187వ సెక్షను కింద బెయిలు హక్కుగా వస్తుంది. కాని అడగాలి, అదీ చార్జిషీటు పడకముందే. 61వ రోజు పొద్దున్న పిటిషను వేయనివాడికి మధ్యాహ్నం చార్జిషీటు పడితే హక్కు పోయినట్టే. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే 479వ సెక్షను కింద వదలాలి, మిగతావాళ్ళకు సగం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, వేరే కేసులు కూడా పెండింగులో ఉన్నవాళ్ళకూ ఇది వర్తించదు. ఈ దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే.

బెయిలు వచ్చాక కూడా లోపలే ఉండిపోయేవాళ్ళ సంగతి చర్చి పెద్దలు వినాలి. ఇద్దరు జామీనుదారులు కావాలంటారు. ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో, ఆధారో పట్టుకుని పనిదినం పోగొట్టుకుని కోర్టుకి రావాలి. కాపలావాడికి అలాంటి చుట్టాలుండరు. ఆస్తిపరుడి జామీను కోసం పేదవాణ్ణి లోపల ఉంచడం మీద 1978లోనే మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ మండిపడ్డారు. బెయిలు ఇచ్చి నెలైనా పూచీకత్తు కట్టలేకపోతే, షరతు తగ్గించే విషయం కోర్టే స్వయంగా చూడొచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం. వారంలో విడుదల కాకపోతే జైలు నుంచి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి కబురు వెళ్ళాలి. సంఘంలో పాసుపుస్తకం ఉన్న విశ్వాసులు ఇద్దరు, ఏడాదికి ఒక్క పనిదినం, ఇంతే కావలసింది. చెరలో ఉన్నవాళ్ళను చూడడానికి క్రిస్మసుకి పళ్ళూ కేకులూ పట్టుకెళతాం కదా, అంతకంటే ఇది బరువు తక్కువ.

యేసును విచారించిన పిలాతు గురించి ఒక్క మాట. ఇతనిలో నేరమేమీ కనబడలేదని లూకా 23లో మూడుసార్లంటాడు. అంటూనే ‘కాబట్టి శిక్షించి విడుదల చేస్తాను’ అంటాడు. ఆ ‘కాబట్టి’ మన వ్యవస్థలో రోజూ వినబడేదే. 2007లో విజయవాడ హాస్టల్లో జరిగిన హత్య కేసులో 2008లో అరెస్టయిన యువకుడికి 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. అతను రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి బయటికొచ్చాడు. ఇంకా పెద్దది, 2019లో అంకుశ్ మారుతీ శిందే కేసు. పదేళ్ళ కిందట తానే ఉరి ఖాయం చేసినవాళ్ళతో సహా ఆరుగురినీ సుప్రీంకోర్టు నిర్దోషులని వదిలేసింది. ఒక్క ఉరి అమలైనా ఆ తీర్పు ఎవరికి చదివి వినిపించేవాళ్ళో.

అబద్ధం చెప్పినవాడి సంగతి? తన సహోదరుడికి ఏది చేయించాలనుకున్నాడో అదే వాడికి చేయమని ద్వితీయోపదేశకాండము 19:19. చాలామందికి తెలియదు గాని, న్యాయ సంహిత 231వ సెక్షను అచ్చంగా ఇదే. ఏడేళ్ళో అంతకు మించో శిక్ష పడే నేరంలో ఇరికించడానికి దొంగ సాక్ష్యం పుట్టించినవాడికి ఆ నేరానికి పడే శిక్షే పడొచ్చు. 230 ప్రకారం, ఆ సాక్ష్యం వల్ల నిర్దోషిని ఉరి తీస్తే పుట్టించినవాడికీ మరణశిక్ష పడొచ్చు. పుస్తకంలో ఇంత గట్టిగా ఉన్నది బయట ఎందుకు కనబడదంటే, ఈ కేసు మనం నేరుగా పెట్టలేం. ఏ కోర్టులో అబద్ధం చెప్పాడో ఆ కోర్టే సురక్షా సంహిత 379వ సెక్షను కింద ప్రాథమికంగా విచారించి ఫిర్యాదు చేయాలి. తీర్పు రాసి అలసిపోయిన కోర్టు ఇంకో కేసు నెత్తిన వేసుకోదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కేసు కొట్టేశారంటే ఫిర్యాదు అబద్ధమని కాదు. సాక్షులు భయపడి మాట మార్చినా కొట్టేస్తారు. కూలోడో, ఆడమనిషో కేసు పెట్టగానే ‘దొంగ కేసు’ అనే పెద్దమనుషులు నిర్దోషుల మీద ప్రేమతో అనడం లేదు. నిర్గమకాండము 23లో మూడో వచనం బీదవాడని పక్షపాతం చూపొద్దంటుంది, ఆరో వచనం బీదవాడి న్యాయం తప్పించొద్దంటుంది. రెండూ కలిపే చదవాలి. సంఘంలోనూ అంతే. పెద్ద మీద ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే తప్ప ఫిర్యాదు తీసుకోవద్దని 1 తిమోతి 5:19 చెబుతుంది. దాన్ని అడ్డం పెట్టుకుని పిల్లల మీద జరిగిన అఘాయిత్యాన్ని కమిటీ గదిలో రాజీ చేస్తే, పోక్సో చట్టం 19, 21 సెక్షన్ల కింద తెలిసి చెప్పనందుకు పెద్దల మీదే కేసవుతుంది. పౌలు తరవాతి వచనం 20లో, పాపం చేసిన పెద్దను అందరి ఎదుటే గద్దించమన్నాడు. ఆ వచనం మీద ప్రసంగం వినడం అరుదు.

నాబోతు తోట ఆఖరికి ఏమైందో బైబిలు చెప్పదు. అహాబు గోనెపట్ట కట్టుకున్నాడు, శిక్ష వాయిదా పడింది. వారసులకు తిరిగిచ్చిన మాట లేదు. 2 రాజులు 9:26 ప్రకారం కొడుకులనూ అప్పుడే చంపేశారు. మన దగ్గర కూడా తప్పుడు కేసులో నలిగినవాడికి పరిహారం ఇవ్వాలనే చట్టం ఇప్పటికీ లేదు. కావాలని లా కమిషను 2018లో 277వ నివేదిక ఇచ్చింది. అదలా ఉంది. కారణం లేకుండా అరెస్టు చేయించినవాడి చేత ఇప్పించడానికి సురక్షా సంహితలో 399వ సెక్షను మాత్రం ఉంది. గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. రాజోలు నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి జైలుకి ములాఖత్‌కి వెళ్ళొచ్చే ఇల్లాలికి, బస్సు చార్జీలూ పోయిన కూలీ కలిపితే, ఆ వెయ్యి ఎన్ని వారాలకు వస్తుందో ఆమే చెబుతుంది.